నువ్వుల నూనె రుచి మరిగిన చుట్టం

ఆ ఇంట్లో ఎలుకను ఎలుక అని పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. పేరెత్తితే వింటుందట. బోను మాటెత్తితే మరీ శ్రద్ధగా వింటుందట. విన్నాక పగబట్టి బీరువాలో బట్టలన్నీ కొరికి పారేస్తుందట. అందుకని లూకాంగ్ ఊళ్లో ఆ ఇరుకు సందులో వాళ్లంతా దాన్ని చుట్టం అనేవారు. పిలవకుండా వచ్చి, వండింది తిని, పొమ్మన్నా పోని చుట్టం!

లీచూ పురిటి గదిలో ఉంది. తొలి కాన్పు, మగపిల్లాడు. నెల నిండేదాకా గడప దాటకూడదు, తల తడపకూడదు, చన్నీళ్లు ముట్టకూడదు. వీటన్నిటికీ సిద్ధపడే ఉంది గానీ, మంచం కింద నుంచి చుట్టం తోకాడిస్తూ పోవడానికి మాత్రం సిద్ధపడలేదు. పాల వాసనకు ఎలుకలు పసివాళ్ల చెవులు కొరుకుతాయని చిన్నప్పుడెవరో అన్న మాట ఆమె బుర్రలో తిష్ఠ వేసుకుంది. దాన్ని చూసిన దగ్గర్నుంచి పిల్లాణ్ణి ఉయ్యాలలో వేయడమే మానేసింది. గుండెల మీదే పడుకోబెట్టుకుని, కాస్త కునుకు పడితే ఉలిక్కిపడి లేచి, వాడి చెవులు రెండూ తడిమి చూసుకునేది. భుజాలు పడిపోతున్నాయి, కళ్లు మండుతున్నాయి. ఇలా ఇంకెన్నాళ్లో అనుకుంటే ఏడుపు తన్నుకొచ్చేది.

భర్త బున్‌హాక్ చెక్క మీద బొమ్మలు చెక్కే పనివాడు. బజారు నుంచి తీగల బోను పట్టుకొచ్చాడు. సాసేజి ముక్కను అంచులు మాడేలా కాల్చి కొక్కేనికి గుచ్చి, బోను మంచం కిందకు తోశాడు. నోటితో చెప్పకూడదు కాబట్టి తల్లి వైపు చూసి కనుబొమ్మలెగరేసి పనిలోకి పోయాడు. సాయంత్రం వచ్చి చూస్తే కొక్కెం బోసిగా ఉంది, బోను తలుపు తెరిచే ఉంది. మర్నాడు ఎండుచేప గుచ్చాడు.

"మన చుట్టం మహా చదువుకున్నవాడే," అని గొణుక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం లీచూ కళ్లు మూసుకుని పడుకుంది. కోడలు నిద్రపోయిందనుకుని అత్తగారు ఆఛాయ్ చప్పుడు చేయకుండా లోపలికొచ్చింది. నడుం వంచి, బోనులో చెయ్యి పెట్టి, ఎండుచేప ఊడదీసి కొంగులాంటి తన ఏప్రాన్‌లో దాచుకుంది.

లీచూకి ఒళ్లు మండిపోయింది. కన్నబిడ్డ కోసం తను ఇంత కాపలా కాస్తుంటే ఈవిడ చేసే పని ఇదా! కడిగెయ్యాలనుకుంది గానీ చుట్టం వింటుందన్న భయం ఆమెకూ ఉంది. చెయ్యి చాపి టీవీ పెట్టి, దాని సౌండు పూర్తిగా పెంచేసింది. చేతిబొమ్మలాట వస్తోంది. డప్పులూ తాళాలూ గది అదిరేలా మోగాయి.

"ఎర మాయం చేస్తున్నది మీరా అత్తయ్యా?"

"నెమ్మది పిల్లా, వింటుంది!"

"ఈ గోలలో నా మాట నాకే వినబడ్డం లేదు. చెప్పండి, ఎందుకు తీస్తున్నారు?"

ఆఛాయ్, కొడుకు పోయిన దిక్కు చూసి, కోడలి చెవి దగ్గరికి వంగింది. "నీ కొడుకు పుట్టింది ఎలుక సంవత్సరంలో, వాడిది ఎలుక జాతకం. నెలైనా నిండకుండా వాడి కులంవాణ్ణి వాడి మంచం కిందే చంపుకుంటామా? మీ ఆయన పట్టాడంటే బోనుతో సహా బకెట్లో ముంచేస్తాడు. వాళ్ల నాన్న బుద్ధే వాడికీ. అందుకే, ఈ గది జోలికి రాకుండా ఉంటుందని వంటింటి మూల గుప్పెడు బియ్యం కూడా పోస్తున్నా."

"పోషిస్తున్నారా! నా బిడ్డ చెవులు కొరికితే?"

"నాకు మాత్రం భయం లేదనుకున్నావా? అంత బియ్యం పోసినా ఇక్కడికే ఎందుకొస్తోందో అదే అంతుబట్టడం లేదు."

లీచూ కోపం ఎటు పోయిందో ఏమో, సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"మంచం కింద... గోడ వారగా ఒక సంచి ఉంది," అంది తల దించుకుని.

ఆఛాయ్ లాగి చూసింది. సంచి నిండా కోడి ముక్కలు. అల్లం, బియ్యపు సారా, నల్లనువ్వుల నూనె పోసి తను చెమటలు కక్కుతూ వండిన పురిటి కోడి.

"పొద్దున అదే, మధ్యాహ్నం అదే, సాయంత్రం అదే. గొంతు దిగడం లేదత్తయ్యా. మీరంత కష్టపడుతుంటే చెప్పడానికి నోరు రాలేదు."

తిట్లకు సిద్ధమై కూర్చుంది లీచూ. ఆఛాయ్ నేల మీద చతికిలబడి, సంచి ఒళ్లో పెట్టుకుని, కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

"నా పురిట్లో నేను కిటికీలోంచి కుక్కకి వేసేదాన్నే! నెల తిరిగేసరికి అది దూడలా తయారైంది. ఎంత పెట్టినా మా కోడలు ఒళ్లు చెయ్యదని మా అత్త ఊరంతా చెప్పుకుంది."

డప్పులు ఆగేలోపు ఇద్దరూ గబగబా మాటలు కలుపుకున్నారు. చంపకూడదు, ప్రాణంతో పట్టి కాలవ దాటించాలి. బున్‌హాక్‌ని బకెట్ ముట్టనివ్వకూడదు. సంచి బయటికి, బియ్యం గింజలన్నీ చీపురుతో బయటికి. ఇల్లంతటిలోనూ దానికి దొరికే తిండి బోనులోనే ఉండాలి.

"మరి ఎర?"

"ఇన్నాళ్లూ ఏ రుచి మప్పావో అదే," అంది ఆఛాయ్. బోనును బూడిదతో తోమి, చేప వాసన పోయేలా కడిగింది. నువ్వుల నూనెలో వేగిన కోడి తోలును కొక్కేనికి దారంతో బిగించి కట్టింది. ఊరికే గుచ్చితే తేలిగ్గా ఎత్తుకుపోతుంది. కడితే గుంజుతుంది, గుంజితేనే తలుపు పడుతుంది. చుట్టం గోడనంటి నడిచే రకం గనుక బోనునూ గోడకే ఆనించింది.

మర్నాడు పొద్దున లీచూ గంజి తాగుతుండగా మంచం కింద ఠప్పుమంది.

వేలెడంత ఎలుక. బోనులో పడ్డాక కూడా తోలు ముక్క వదల్లేదు, నములుతూనే ఉంది. ఇంత దానికా తను ఇన్నాళ్లు వణికింది! ఆఛాయ్ బోను మీద గుడ్డ కప్పి, పని ఎగ్గొట్టి వస్తానన్న కొడుకును గదమాయించి, తనే కాలవ వంతెన దాటి తీసుకెళ్లింది. వచ్చేదాకా లీచూ గడప లోపలే నిలబడి వీధి వైపు చూస్తూ ఉంది.

"వదిలేశారా?"

"అవతలి రెల్లుపొదల్లో. వెనక్కి కూడా చూడలేదు."

"నిజంగా?"

"నా మనవడి మీద ఒట్టు."

లీచూ పిల్లాణ్ణి ఉయ్యాలలో వేసింది. వాడు కాళ్లు ఒకసారి తన్నుకుని నిద్రలోకి జారిపోయాడు. ఖాళీ చేతులతో ఏం చేయాలో ఆమెకు తోచలేదు. మంచం మీద కూలబడి ఒక్కసారిగా భోరుమంది.

"పురిట్లో ఏడిస్తే కళ్లు పోతాయే పిచ్చిపిల్లా! ఇప్పుడేమైందని?"

"ఏం కాలేదత్తయ్యా," అంది లీచూ ఏడుస్తూనే. "వాడికేం కాలేదు."

ఆఛాయ్ కోడలి ముఖం తుడిచి, ఉయ్యాల పక్కన పీట వాల్చుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి చేపల పులుసు చెయ్యనా అని అడిగేసరికే లీచూ గాఢనిద్రలో ఉంది.