పందికొచ్చిన అత్తగారి మాట

తెల్లారగానే చిన్నకోడలి మొదటి పని దొడ్డిలోకి దిగి రంపపుపొట్టు తిరగేయడం. పందుల కింద మోకాటి లోతున పొట్టూ ఊకా పరిచి ఉంటాయి. పెంటంతా అందులోనే కలిసి ఎరువైపోతుంది. కడిగే పని లేదు, కంపు లేదు.

"ఆ మూల తడిగా ఉంది, కాస్త పొట్టు పడెయ్," అంది ముసలి పంది.

"చూశాను అత్తయ్యా."

కిందటి వానాకాలం అత్తగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. పడిపోయిన మాట ఎటూ పోలేదు, ముసలి పందికొచ్చింది. గొంతూ అదే, ఎత్తిపొడుపులూ అవే. పంది మాట్లాడుతుంటే గుమ్మంలో కుర్చీలో కూర్చుని అత్తగారు తల ఊపేది. పాలవాడైతే దొడ్డి దగ్గరే ఆగి ఆవిడ క్షేమం కనుక్కుని వెళ్ళేవాడు.

భర్త పోయాక చిన్నకోడలికి ఆ పందులే ఆధారం. పుట్టింట్లో కోళ్ళకి పొట్టు పరవడం గుర్తొచ్చి వీటికీ పరిచింది. "పందికి పరుపా!" అని అత్తగారు అప్పట్లో నవ్వింది. దాణా ధర మండిపోతే హోటల్లో మిగిలినవి తెచ్చి ఉడకబెట్టి పెట్టింది. దొడ్డి ఎరువుతో చిలగడదుంప వేసి, ఆ తీగ కోసి మేపింది. ఇంత చేసినా అత్తగారు ఒక్కనాడూ మెచ్చుకోలేదు. మాట ఉన్నప్పుడూ లేదు, పంది నోటా లేదు.

ఓ రోజు, వేరు కాపురం ఉంటున్న బావగారు బేరగాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

"ఈ కంపులో ఎన్నాళ్ళు పడుంటావమ్మా? దొడ్డి అమ్మేద్దాం. అమ్మ నా మాట కాదనదు."

బేరగాడు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే లోపలికొచ్చాడు. కాసేపటికి రుమాలు తీసి, గాలి పీల్చి, "పందులెక్కడా?" అన్నాడు.

"నీ ఎదురుగానే," అంది ముసలి పంది. తర్వాత బావగారి వైపు తిరిగింది. "ఒరే పెద్దోడా, నేను ఇదే పని ఒళ్ళు హూనం చేసుకుని చేశాను. నీళ్ళు మోసి కడిగీ, ఈగలు తోలీ, సగం పందిపిల్లల్ని పూడ్చిపెట్టాను. దీని చేతిలో ఒక్కటీ పోలేదు. దొడ్డి దీనిది. ఇంక మాట లేదు."

గుమ్మంలో అత్తగారు గట్టిగా తల ఊపింది.

బేరగాడు నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. "నాకూ పందులున్నాయమ్మా. కడగలేక చస్తున్నాం. మా ఆవిణ్ణి పంపిస్తా, నేర్పుతావా?"

"ఆవిడెందుకండీ, మీరే దిగండి," అంటూ చిన్నకోడలు పార అందించింది.

బేరగాడు చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, పొట్టులోకి దిగాడు.