ఛార్జింగ్ ఎక్కని బండి

"బండికి మేత పెట్టినావా?"

తన ఫ్యాక్టరీ నుంచి రాగానే మా ఆయన ముస్తాక్ అడిగే మొదటి మాట ఇదే. పోర్టికోలో బండి ఆపి, తాళాలు టీవీ పక్కన పడేసి, చెప్పులు విడుస్తూ అడుగుతాడు. అప్పటికి బండి వచ్చి నిమిషం కూడా కాదు, నేను పొయ్యి దగ్గర ఉంటాను. పిండి చేతులు తుడుచుకుని బయటికి పోయి, డిక్కీలోంచి కేబుల్ తీసి, ఒక కొన గోడ సాకెట్లో, ఇంకో కొన బండి పక్కనున్న మూత తీసి అందులో పెట్టాలి. పచ్చ లైటు మిణుకుమంటే పని అయినట్టు. పొద్దున ఆయన టిఫిన్ తింటుంటే దాన్ని తీసి, దుమ్ము తుడిచి, మెలి పడకుండా చుట్టి లోపల పెట్టాలి. గేదె ఉన్న ఇంట్లో పుట్టలేదు గానీ, ఆ పని ఎట్లా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

అది కొంతదూరం కరెంటు మీద, ఆ తర్వాత పెట్రోలు మీద పోయే పెద్ద బండి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటారు. హైదరాబాద్‌లో ఎవరో వాడినదాన్ని నిరుడు కొన్నాడు. పొదిలిలో టీ తాగడానికి ఆపితే పదిమంది చుట్టూ చేరి చూస్తారని మురిసిపోతాడు. ఫ్యాక్టరీ కాగితాల్లో చిక్కులు రాకుండా బండిని నా పేరు మీద రాయించాడు. చుట్టాలు వస్తే "నాదేముంది, ఓనరు ఆమె, నేను డ్రైవర్ని" అని నవ్విస్తాడు. ఓనరు టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ బండిలో ముందు సీట్లో నేను రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ ఆస్పత్రికి.

పోర్టికో గోడకి అవతల ముందుగది. అక్కడ మా అత్త బాషాబీ, మా ఏడేళ్ళ ముబాషిరా పడుకుంటారు. కిటికీ తెరిస్తే చెయ్యి చాచి బండిని ముట్టుకోవచ్చు.

ఒక మంగళవారం సాయంత్రం ఛార్జింగ్ పెట్టిన గంటకి, ఆరిన బట్టలు తేవడానికి బయటికి వెళ్ళాను. ఏదో వాసన. గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు తియ్యగా, దాని కింద ప్లాస్టిక్ కమురు. చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాను కాబట్టి బండి కింద గచ్చు వేడిగా ఉండడం కూడా తెలిసింది. వెంటనే కేబుల్ పీకేసి ముస్తాక్‌ని పిలిచాను. ఆయన గుమ్మంలోంచే ముక్కు ఎగబీల్చాడు.

"అమ్మ ఊదు ఏసినట్లుంది. దానికేంది?"

మా ఇంట్లో ప్రతి గురువారం సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత అత్త నిప్పుల మీద ఊదు వేసి ఇల్లంతా తిప్పుతుంది. బండి వచ్చినప్పటి నుంచి దాని చుట్టూ కూడా మూడుసార్లు తిప్పుతుంది, దిష్టి తగలకుండా.

"ఈరోజు మంగళవారం" అన్నాను.

"అయితే నిన్నటిదో మొన్నటిదో మిగిలుంటాది. అంతేనా అమ్మా?"

మంచం మీద అత్త తస్బీ పూసలు తిప్పుతూనే ఉంది. అవునని అనలేదు, కాదని అనలేదు. ఆ ఊరుకోవడాన్ని నేను కొడుకు పక్షాన్నే జమ కట్టుకున్నాను. నా పెళ్ళయిన పదేళ్ళలో ఆమె ఇంకో పక్షాన ఉండగా చూడలేదు. "మా వాడికి నీళ్ళు తోడినావా, మా వాడికి కూరలో ఉప్పు చాల్లేదు" ఇవే మా ఇద్దరి మధ్య మాటలు.

రెండు వారాలకి బండి కంపెనీ నుంచి కొరియర్ వచ్చింది. బండి నా పేరున ఉంది కాబట్టి కవరు మీద నా పేరే ఉంది. ఈ ఇంటికి నా పేరున వచ్చినవి పెళ్ళి పత్రికలు తప్ప ఇంకేమీ లేవు. నిలబడే చదివాను, మళ్ళీ కూర్చుని చదివాను. ఈ రకం బండ్లలో కొన్నిటి బ్యాటరీ లోపల తయారీలోనే లోపం ఉందని తేలిందట. ఛార్జింగ్ పెట్టినప్పుడు వేడెక్కి నిప్పు అంటుకోవచ్చట. తనిఖీ చేసేదాకా ఛార్జింగ్ పెట్టవద్దు, పెట్రోలు మీదే నడపండి, బండిని ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచండి, బాగుచేయడానికి పైసా తీసుకోము అని రాశారు. నేను ఒంగోలులో బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. ఆ ఉత్తరంలో నాకు అర్థం కానిది ఏమీ లేదు.

అన్నం వడ్డిస్తూ చెప్పాను. ఆయన ఉత్తరాన్ని మడత విప్పకుండానే పక్కన పెట్టాడు.

"ఎక్కడో ఒకటి కాలుద్ది, లోకమంతా ఉత్తరాలు పంపుతారు. రేపు కేసు రాకుండా రాసుకునే రాతలు ఇవి. కుక్కర్ పేలుద్దని అన్నం మానుకుంటామా?"

"కుక్కర్ రబ్బరు ప్రతి ఆర్నెల్లకీ నేను మారుస్తాను. అందుకే పేలలేదు."

"అబ్బో, ఇంజనీరమ్మ మాట్లాడతాంది."

"పోనీ వీధిలో పెట్టండి."

"వీధిలో పెడితే పిల్లోళ్ళు గీతలు గీస్తారు. తెలుసా అది ఎంత బండో?"

పిల్ల పడుకునే గది కిటికీ ఎంత దూరమో తెలుసా అని అడగబోయి మింగేశాను. అడిగితే గొంతు పెరుగుతుంది. గొంతు పెరిగితే మాట సంగతి పోయి గొంతు సంగతి మిగులుతుంది.

మర్నాడు ఉత్తరం మీది నంబరుకి ఫోన్ చేశాను. అవతలి అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. బండి నంబరు చెప్పాను, పేరు చెప్పాను, వాసన సంగతీ గచ్చు సంగతీ చెప్పాను. అంతా విని, "సార్ ఉన్నారా మేడమ్? బండి నడిపేవాళ్ళతో ఒకసారి మాట్లాడితే డేట్ ఇస్తాం" అన్నాడు. ముస్తాక్ నంబరు ఇచ్చాను. ఆ సాయంత్రం ఆయన వచ్చి "ఎవరో కంపెనీ అని విసిగిస్తాంటే బ్లాక్ చేసినా" అన్నాడు. ఆ వెంటనే, "మేత పెట్టినావా?"

పెట్టాను. పచ్చ లైటు మిణుకుమంది. కిటికీలోంచి ముబాషిరా ఎక్కాలు వల్లె వేస్తున్న గొంతు వినబడుతోంది. ఆయన కాళ్ళు కడుక్కోవడానికి పోగానే నేను సామాన్ల గదిలోకి వెళ్ళాను. బియ్యం డ్రమ్ము పైన, గోడకి స్విచ్చుల డబ్బా. ఛార్జింగ్ లైనుకని ఎలక్ట్రీషియన్ ఏసురత్నం వేరేగా బిగించిన స్విచ్చు వరసలో మూడోది. దాన్ని కిందికి దించాను.

పొద్దున ఆయన లేచేలోపు మళ్ళీ పైకి ఎత్తాను. పోర్టికోలో పచ్చ లైటు ఏమీ ఎరగనట్టు వెలుగుతోంది. ఆయన బండి ఎక్కి తిట్టుకున్నాడు. "రాత్రంతా పెట్టినా చుక్క ఎక్కలేదేంది?"

"సరిగ్గానే పెట్టానే."

"నీకు చేతకావట్లేదు. గట్టిగా నొక్కాల."

మూడు రోజులు ఇట్లాగే గడిచాయి. మూడు రోజులూ నాకు చేతకాలేదు. పదేళ్ళలో ఆయన అన్న ఏ మాటా నాకింత హాయిగా అనిపించలేదు.

నాలుగో రోజు గిద్దలూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అబ్బాకి, మా నాన్నకి, కంటి ఆపరేషన్, ఒక రాత్రి తోడు ఉండమని. ముబాషిరాని తీసుకుపోతానన్నాను. దానికి పరీక్షలు, కుదరదన్నాడు ముస్తాక్. గేటు దగ్గర తేలిగ్గా అన్నట్టు అన్నాను, "ఈ ఒక్కరోజు బండికి మేత వద్దులెండి."

"నువ్వు లేకుంటే బండి పస్తుండాల్నా? నేను పెడతా. ఎట్ల పెట్టాల్నో చూపిస్తా నీకు."

గిద్దలూరు ఆస్పత్రిలో అబ్బా పక్కన కూర్చుని ఉన్నాను గానీ నేను అక్కడ లేను. ఆయనకు చుక్కల మందు వేసే టైము రెండుసార్లు తప్పాను. ముబాషిరాకి ఫోన్ చేసి "జేజితో కలిసి నా గదిలో పడుకో అమ్మా" అన్నాను. "జేజి రానంటాంది, ఇక్కడే పడుకోమంటాంది" అంది అది. అత్తని తిట్టుకున్నాను. మనవరాలి ప్రాణం కన్నా మంచం చోటు ఎక్కువా అనుకున్నాను. మొదటి బస్సుకి మార్కాపురంలో దిగి, ఆటో మా వీధి మలుపు తిరిగేదాకా ఆకాశంలో పొగ కోసమే చూశాను.

ఇల్లు ఇల్లులాగే ఉంది. ముస్తాక్ బానెట్ ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నేనే పెట్టినా. లైటు ఎలిగింది. పొద్దున చూస్తే సున్నా. అంటే నీ చేతిలో లేదు తప్పు, బండిలోనే ఉంది."

నాకేమీ అర్థం కాలేదు. దించాల్సిన చెయ్యి గిద్దలూరులో ఉంది. నిజంగానే బండి పాడైందేమో, అల్లాయే ఆపాడేమో అనుకున్నాను. కానీ ఒకటి మాత్రం తెలిసింది. ప్రమాదమని చెప్తే కదలని మనిషి, తన పని ఆగేసరికి కదిలాడు. అరగంటలో కంపెనీకి తనే ఫోన్ చేశాడు. అవతల ఎవరో మగగొంతు చాలాసేపు మాట్లాడింది. "అవునా... అట్లనా... ఇంటికి దూరంగానా... వెంటనే తోస్తా సార్" అన్నాడు. ఫోన్ పెట్టి, ముఖం పాలిపోయి నావైపు తిరిగాడు.

"ఛార్జింగ్ పెడితే అంటుకునే ప్రమాదం ఉందంట ఫర్జానా. ఆయన చెప్పినాడు. మంచాయన, వివరంగా చెప్పినాడు."

"అట్లానా" అన్నాను.

హైదరాబాద్ నుంచి పంపిస్తామన్న లారీ మర్నాడు వచ్చి బండిని ఎక్కించుకుపోయింది. ఖాళీ పోర్టికోలో ముబాషిరా విరిగిన పలక ముక్కతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడింది. ముందుగదిలోకి నేరుగా గాలి వచ్చింది. అటు నిలబడి ఊపిరి తీసుకుంటే, ఎన్ని రోజులుగా సగం సగమే తీసుకుంటున్నానో తెలిసింది.

వారానికి ముస్తాక్ ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేశాడు. బ్యాటరీలో ఒక భాగం ఉబ్బి ఉందట, మొత్తం మార్చారట, ఆదివారానికి బండి వస్తుందట. "నేను ముందే కనిపెట్టబట్టి సరిపోయింది, ఇంకో నాలుగు రోజులు ఎక్కించి ఉంటే ఏమయ్యేదో" అన్నాడు. కనిపెట్టింది ఎవరో చెప్పాలని నాకు అనిపించలేదు. ఇంకోటి చెప్పాలనిపించింది.

"ఇకనుంచి ఛార్జింగ్ మీరే పెట్టుకోండి. ఆరోజు మీకు బాగా వచ్చింది కదా."

"సరేలే" అన్నాడు.

ఫోన్ పెట్టి వచ్చేసరికి అత్త చాట ముందు పెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చున్నాను. గింజ తీస్తూనే, తల ఎత్తకుండా అంది.

"మూడోదే కదా?"

"ఏది అత్తమ్మా?"

"సామాన్ల గదిలో. రోజూ పొద్దుగూకినాక పోతావు, బియ్యం లేకుండా బయటికొస్తావు. ఏంది చేస్తాందో అని ఒకరోజు నీ ఎనకాలే వచ్చి చూసినా. నువ్వు గిద్దలూరు పోయిన దినం నేనే దించినా. తెల్లారి నమాజుకి లేచి మళ్ళా ఎత్తినా. అయినా వాసనొస్తే ఎత్తుకుని బయటికి పోవాల గదా అని బిడ్డని నా పక్కనే పండేసుకున్నా. నిద్రపోలే."

తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "ఆ మంగళవారం ఊదు వెయ్యలేదని ఆయనకి ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది కదా అత్తమ్మా. మీ మాట వినేవాడు."

ఆమె నవ్వింది. పళ్ళు లేని నోటితో, చప్పుడు లేకుండా, చాలాసేపు నవ్వింది.

"ఎర్రిదానా. వాళ్ళ నాయన ముప్పై ఏళ్ళు ఇనలే, వీడు నలభై ఏళ్ళుగా ఇనలే. ఈ ఇంట్లో నా మాట చెల్లుద్దని నమ్మేది నువ్వొక్కదానివే."