చూసుకోండి అన్నారట

అమెరికాలో మేముండే ట్రాయ్‌లో నాకు నా అన్నవాళ్లెవరూ లేరు. మా గృహప్రవేశానికి పుట్టింటి బట్టలు పెట్టింది భానుప్రకాష్. అప్పటి నుంచి ఆయన నాకు అన్నయ్య. ఊరికి దూరంగా సరస్సు ఒడ్డున ఇల్లు కొని, ఎదురుగా ఉన్న ఇసుకంతా తన సొంత బీచ్ అని మురిసిపోతూ, మొట్టమొదట మమ్మల్నే పిలిచాడు.

మేం అక్కడున్న ఆదివారం, వాళ్లు గుడికి బయలుదేరుతూంటే అన్నయ్య కారు అద్దం దించాడు.

"చెల్లెమ్మా, మేం లేట్ అవుతాం. లంచ్ మీరే చూసుకోండి. పిల్లల్ని డాక్ మీదకి తీసుకెళ్లు, చేపలు కనిపిస్తాయి."

డాక్ అంటే నీళ్లలోకి కట్టిన చెక్కల బాట. కాస్త దూరం నడిచానో లేదో, కాలికింద చెక్క ఫెళ్లున విరిగింది. నా మోకాలు నుజ్జయింది. ఆపరేషన్ అయినా మెట్లెక్కలేకపోతున్నాను.

"నా మీద కేస్ వెయ్యి. కట్టేది ఇన్సూరెన్స్ వాళ్లే కదా," అన్నాడు ఆస్పత్రిలో అన్నయ్యే. "చెక్క పుచ్చిందని తెలిస్తే నిన్ను వెళ్లనిస్తానా?" అని ఏడ్చాడు కూడా. నేనే ఓదార్చాను.

ఇంటాయనకు ప్రమాదం తెలిసి కూడా అతిథికి చెప్పకపోతేనే తప్పవుతుందని, తెలియకపోతే కేసు నిలవడం కష్టమని మా లాయర్ అన్నాడు. కేసు పోతే పోయింది, ఆయనకు తెలియదన్న మాట నిజమైతే చాలనుకున్నాను.

వాంగ్మూలం రోజు ఆయన నా ఎదురుగానే కూర్చున్నాడు.

"ఆమెను హెచ్చరించారా?" ఆయన తరఫున ఇన్సూరెన్స్ వాళ్లు పెట్టిన లాయర్ అడిగింది.

"హెచ్చరించాను. తెలుగులో 'చూసుకోండి' అని చెప్పాను."

దుబాసీ ఆ మాటకు 'జాగ్రత్త' అని అర్థం చెప్పాడు. అర్థం తప్పు కాదు. కానీ లంచ్ ఏమైపోయింది? చేపలేమైపోయాయి? నాకు ఒళ్లు మండిపోయింది.

మా లాయర్ తాపీగా అందుకున్నాడు. "ఏం చూసుకోమన్నారు?"

"చెక్కల్ని."

"అంటే పుచ్చాయని మీకు ముందే తెలుసు."

భానుప్రకాష్ తన లాయర్ వంక చూశాడు. ఆమె తల దించుకుంది.

"తెలుసు. స్ప్రింగ్ సీజన్ నుంచీ తెలుసు."

"మరి రిపేర్ చేయించలేదేం?"

"మేం వాడట్లేదు కదా. మా పిల్లల్ని అసలు దాని మీద అడుగు పెట్టనివ్వను."

మా లాయర్ ముఖం వెలిగిపోయింది. చూసుకోమన్నది లంచ్ సంగతని తేలిస్తే చాలు, కేసు మా చేతికొచ్చినట్టే. ఆ రోజు డాక్ మీద నా వెనకే మా పిల్లలిద్దరూ నడుస్తున్నారు.