వస్తామన్నవాళ్ళ చెప్పులు

ఆదివారం పొద్దున మొదటి గంట కొట్టగానే కనకవ్వ చర్చి వాకిలి ఊడ్చి, మెట్ల కింద చెప్పులకు జాగ చేస్తుంది. మగవాళ్ళవి ఎడమ పక్క, ఆడవాళ్ళవి కుడి పక్క. లోపల చాపల మీద కూర్చునే వరస కూడా అదే. రెండో గంటకు చెప్పులు రావడం మొదలవుతుంది. తొగుట నుంచి వచ్చేవి చీకటితోనే బయలుదేరతాయి కాబట్టి దుమ్ము కొట్టుకుని ఉంటాయి. కనకవ్వ వాటిని గుడ్డతో తుడుస్తుంది. సిద్దిపేట బస్టాండు వెనకాల ఇళ్ళవి అన్నిటికన్నా ఆలస్యంగా వస్తాయి. దగ్గరివాళ్ళకెప్పుడూ ఆలస్యమే, చుట్టాల్లో చూడలేదా? జత పక్కన జత ఆగి, ఆశీర్వాదం అయ్యేదాకా ఉండి, మళ్ళీ ఇళ్ళకు పోతాయి. వాటితో మనుషులు మాత్రం రారు.

ఇందులో వింతేమీ లేదు. పాస్టరు జకరయ్య ఇంటింటికీ తిరిగి రమ్మని పిలిచేవాడు. అయ్యగారి మొహం మీద రామని చెప్పే అలవాటు మన వైపు లేదు. "వచ్చే ఐతారం తప్పకుంట వస్తమయ్యగారూ" అనేవాళ్ళు. అన్నమాటను చెప్పులైనా నిలబెట్టేవి. పూర్వం తోలు చెప్పులు కిర్రుకిర్రుమనేవి, కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్న పాస్టరుకు కూడా ఎవరు ఆలస్యంగా వచ్చారో తెలిసేది. రబ్బరు చెప్పులు వచ్చాక ఆ భయం పోయింది. సరే, ఆ కాలం సంగతి ఇప్పుడెందుకు?

జకరయ్య ఊరికే కూర్చున్నవాడు కాదు. హైదరాబాదులో సంఘాల పునరుద్ధరణ మీద శిక్షణకు పోయి వచ్చాడు. అక్కడ లక్ష్యం, వ్యూహం, బలాలు, బలహీనతలు అని తెర మీద బొమ్మలు వేసి చూపించారు. నాయకుడంటే ముందు నడవాలన్నారు. జకరయ్య తిరిగి వచ్చి ఐదేళ్ళ ప్రణాళిక గీసి గోడకు అంటించాడు. వాట్సాప్ గ్రూపు పెట్టాడు, పొద్దున్నే వాక్యం పంపితే అందరూ చేతులు జోడించిన బొమ్మ పంపేవాళ్ళు. యువకుల కోసం కీబోర్డు తెప్పించాడు. వాయించడం నేర్చుకున్న పిల్లవాడు నెల తిరక్కుండా హైవే పక్కన కొత్తగా వెలిసిన పెద్ద ప్రార్థన షెడ్డులో చేరిపోయాడు. చర్చికి పోతే పిల్లల కులం సర్టిఫికెట్లు పోతాయని కొందరికి భయం. కొందరికి ఎప్పటిదో క్రిస్మస్ విందులో తమ బంతికి ముక్కలు తక్కువ పడ్డాయన్న కోపం. ఏ బొమ్మలోనూ ఈ కోపానికి గడి లేదు.

పై కమిటీ చైర్మన్ సుధాకర్ గారు చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. సంఘం నిండుగా లేకపోతే మూసేసి, ఉన్నవాళ్ళను మరో చర్చిలో కలుపుతారు. భార్య పోయాక జకరయ్యకు ఈ చర్చి, దాని వెనకాల రెండు గదులు తప్ప లోకం లేదు. ఆ వారమంతా గడపగడపకూ తిరిగి బతిమాలాడు. అందరూ వస్తామన్నారు.

ఆ ఆదివారం సుధాకర్ గారికి బూట్లు విప్పడానికి జాగ దొరకలేదు. వాకిలి నిండా చెప్పులే. సంతోషంగా లోపలికొచ్చాడు. చాపల మీద ఐదారుగురు ముసలివాళ్ళు, కనకవ్వ.

"మనుషులేరి అయ్యగారూ?"

"పనులున్నయట సార్. చెప్పులైతే ఒక్క వారం గూడ తప్పయి."

"చెప్పులను చూపి కమిటీని ఎట్ల ఒప్పియ్యాలె? కాళ్ళున్నయే లెక్క."

"కాళ్ళకే గదా సార్ నేను తిరుగుతున్నది!"

సుధాకర్ గారు చెడ్డవాడు కాదు. గోడ మీది ప్రణాళికను చాలాసేపు చూశాడు. "మంచిగ గీసిన్రు" అన్నాడు. "నా చేతుల ఏం లేదయ్యగారూ. మెదక్ హాస్టల్ల వార్డెన్ కావాలె. గది గూడ ఇస్తరు. ఒకటో తారీఖు వస్తరా?"

పెద్దమనిషి మొహం మీద రానని జకరయ్య ఎట్లా అంటాడు?

"తప్పకుండ వస్తనండి" అన్నాడు.

ఒకటో తారీఖున మంచం మీద నుంచి లేవబుద్ధి కాలేదు. లేచి చూస్తే గడప దగ్గర చెప్పులు లేవు. మధ్యాహ్నం సుధాకర్ గారి ఫోను వచ్చింది.

"అయ్యగారూ, మీ చెప్పులొచ్చి హాస్టల్ ఆఫీసు ముందర నిలవడ్డయి. మీరేరి?"

"జర పనుండెనండి" అన్నాడు జకరయ్య. అని, సిగ్గుతో ఫోను పెట్టేశాడు. ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఆశీర్వాదం చెప్పి పంపేవాళ్ళు అక్కడ లేరేమో, చెప్పులు తిరిగి రాలేదు.

తరువాతి ఆదివారానికి చర్చికి తాళం పడింది. రెండు గదులు ఖాళీ చెయ్యడానికి నెల గడువిచ్చారు. అయినా వేళకు చెప్పులు వచ్చి గేటు ముందు నిలబడ్డాయి. ఎండ ముదిరింది.

"గీటికి ఆశీర్వాదమియ్యున్రి అయ్యగారూ, ఇండ్లకు పోతయి" అంది కనకవ్వ.

జకరయ్య చెయ్యి ఎత్తాడు. మళ్ళీ దించేశాడు. "నాతోని అయితలేదు కనకవ్వా."

"అట్లయితే మీరే పోయి దించి రాన్రి. గొర్లెనుక పోయినట్టు పోన్రి!"

ఎటు పోవాలో అతనికేం తెలుసు? అడుగు కదపగానే చెప్పులే ముందు నడిచాయి. అతను ఉత్తకాళ్ళతో, కాలే తారు మీద, వాటి వెనక నడిచాడు. మిరుదొడ్డి రోడ్డులో నాగేశ్ చికెన్ సెంటర్ ముందు ఒక జత ఆగింది. మిగతావి గోడ నీడన నిలబడ్డాయి. నాగేశ్‌కు ఆదివారమే బేరం. చేతి నిండా ఈకలు.

"అయ్యో, నా చెప్పులు దించనీకి మీరొచ్చుడేంది అయ్యగారూ! గీ ఎండల ఉత్తకాళ్ళతోని!"

"నాగేశన్నా, నా కిలన్నర..." అన్నారెవరో.

"ఆగరాదే జర!" నాగేశ్ చేతులు కడుక్కుని, చెంబుతో నీళ్ళు తెచ్చి అయ్యగారి కాళ్ళ మీద పోశాడు. బొబ్బలు చూసి తల వంచుకున్నాడు. "మందిరం బందయ్యిందంట గదా. వచ్చే ఐతారం వద్దామనే అనుకున్నం."

జకరయ్యకు కోపం రాలేదు. లక్ష్యాల్లో, వ్యూహాల్లో ఒక్క మాటా నోటికి రాలేదు. గల్లా దగ్గరున్న నాగేశ్ భార్య సింధుజ లేచి, కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. కోళ్ళ బుట్టల నడుమ నిలబడి, దొరికిన నాలుగు ముక్కలతో అతను ప్రార్థన చేశాడు. కిలన్నర మనిషి కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నీడలో మిగతా చెప్పులు కదిలాయి. జకరయ్య వాటి వెనక అడుగు వేశాడు.

"మల్ల వచ్చే ఐతారం వస్తరా అయ్యగారూ?" సింధుజ అడిగింది.

"వస్తనమ్మా" అన్నాడు జకరయ్య.

తనకు బదులుగా పంపడానికి ఇప్పుడతనికి చెప్పులు లేవు.