గుండీ అతికించిన మీట

షారోన్ టైపు మొదలుపెడితే నస్పూర్‌లోని ఆ టైపింగ్ దుకాణంలో ఫ్యాను చప్పుడు కూడా వినిపించదు. పెళ్లిపత్రికలు, అర్జీలు, చర్చి పాటల కాగితాలు, ఏవైనా సరే, పొద్దుటి నుంచి ఆ చేతులకు విరామం లేదు. ఎవరి చెయ్యి ఎలాంటిదో చూసి, కీబోర్డు మీటలను దానికి తగ్గట్టు మలచడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఆ పనికి బిల్లుండదు, పేరూ ఉండదు.

బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన అంతయ్యకు చేతులు వణుకు, గొంతు బలహీనం. ఆదివారం చర్చిలో తన సాక్ష్యాన్ని, అంటే తన బతుకులో జరిగిన మేలు చెప్పుకునే మాటలను, పాస్టరు చదవాలని ఆయన కోరిక. తాను టైపు కొట్టిపెడతానని షారోన్ అంటే ససేమిరా ఒప్పుకోలేదు.

“నా సాక్ష్యం నా చేత్తోనే రాయాలె బిడ్డా.”

సరేనని దుకాణం కంప్యూటర్‌ను సిద్ధం చేసింది. వణుకుతూ తగిలిన వేలును మీట లెక్కచెయ్యదు. ఆనించి పట్టుకుంటేనే అక్షరం, అదీ ఒక్కటే. అరచేయి తగిలి రాసింది చెరిగిపోకుండా, చెరిపే పనిని ఎడమవైపు పై మూల మీటకు అప్పగించింది. ముసలాయన సంబరపడి, మిగిలింది ఇంట్లో రాసుకుని శుక్రవారం తెస్తానని వెళ్లాడు.

శుక్రవారం రాలేదు. షారోన్ దుకాణం మూసి ఆయన ఉండే క్వార్టర్‌కు వెళ్తే అంతయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. మనవరాలి పాత ల్యాప్‌టాప్‌లో పేజీ నిండా ‘మమమమమ’.

“చెయ్యి ఇంక పాడైంది బిడ్డా. ఇగ నాతోని కాదు.”

షారోన్ ల్యాప్‌టాప్‌ను దగ్గరకు లాక్కుంది. “నీ చెయ్యి మంచిగనే ఉన్నది పెద్దబాపు. తప్పు నాది. దుకాణంల విండోస్, గిది లైనక్స్. గాడ చేసింది గీడ పనిచెయ్యదు. జర ఆగు.”

చాప మీద కూర్చుని, పేర్లు వేరైన ఆ మెనూల్లో ఒక్కొక్క సెట్టింగునూ వెతికి పట్టి మార్చింది. మూల మీట వేలికి తెలియాలని, ఆయన పాత డ్యూటీ చొక్కా గుండీ తెంపి దానిపై అతికించింది. అంతయ్య వేలు ఆనించాడు. ‘మ’. ఒక్కటే.

“పడ్డదే!” బోసినోటితో నవ్వాడు. పక్కనున్న భార్య బుచ్చవ్వను మాత్రం తెర వైపు చూడనివ్వలేదు.

ఆ రాత్రే సాక్ష్యం రాసి ముగించి, శనివారం తెల్లవారుజామున ఆయన నిద్రలోనే పోయాడు. ఆదివారం పాస్టరు ఆ సాక్ష్యం చదివాడు.

“బావిల కప్పు కూలినంక ఏడాది నేను మంచంలనే ఉన్న. బుచ్చవ్వ నాకు బువ్వ తినిపిచ్చింది. ఆమెకు ఎన్నడు వందనాలు చెప్పలే. ఇయ్యాల అందరి ముంగట చెప్తున్న.”

ముందు వరుసలో బుచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షారోన్ ఏడుపు ఆపుకోలేకపోయింది.

సాయంత్రం ఆ ఇంటికి వెళ్లి అడిగింది. “మీటలు మల్ల ఎప్పటిలెక్క చెయ్యాల్నా అవ్వా?”

“వద్దు బిడ్డా. ఆయన చేతికి అలవాటైనయి. ఉండనియ్యి.”

ల్యాప్‌టాప్ మూత తెరిచే ఉంది. పై మూల మీట మీది గుండీకి, పాత చొక్కా దారప్పోగు ఒకటి ఇంకా వేలాడుతోంది.