తల ఊపని మేకపోతు

బకెట్లోంచి చెంబుతో నీళ్ళు ముంచి వరదమ్మ మేకపోతు వీపు మీద పోసింది. ఎడమచేత్తో దాని కొమ్ము గట్టిగా పట్టుకునే పోసింది. రోజూ అంతే. కొమ్ము వదిలితే తల ఊగుతుంది, ఊగితే అది జవాబు, ఆ జవాబు ఆమెకు అక్కర్లేదు.

వేలూరు బస్టాండులో ఈ బొమ్మను ఎవరు పెట్టించారో గాని, మహానుభావులు! సిమెంటు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని, మూతి మీద కళ్ళద్దాలతో, ముందరికాళ్ళతో రేకు పేపరు పట్టుకుని కూర్చుంటుంది మేకపోతు. మెడలో స్ప్రింగు ఉంది. పక్కనుంచి బస్సు పోతే చాలు, తల ఆడిస్తుంది. పిల్లలు నవ్వుకోవడానికి పెట్టిన బొమ్మ. మన జనం ఊరుకుంటారా? జాతరలో మేకపోతు మీద పసుపునీళ్ళు చల్లి, అది ఒళ్ళు దులిపితే అమ్మవారు బలికి ఒప్పుకున్నట్టు. ఇక్కడా అదే మొదలుపెట్టారు. ఆసుపత్రికి పోయేవాళ్ళు, పెళ్ళిచూపులకు పోయేవాళ్ళు, అందరూ సీసాలో నీళ్ళు చల్లి మనసులో మాట అడుగుతారు. తల ఊపితే పని అయినట్టే. ఆ పసుపు, కుంకుమ, కర్పూరం మసి తోమాల్సింది మాత్రం వరదమ్మే.

తోముతూ అందరినీ తిట్టుకుంటుంది. పొట్టిమనిషి. బస్టాండు ఊడ్చేవాళ్ళకిచ్చే ఆకుపచ్చ కోటు కింద కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్న చీర, మోచేతులదాకా ఎండకు కమిలిన చేతులు. మోర్ధానా కాలవ కింద వేరుశనగ పీకిన చేతులవి. కాలవ ఎండినప్పుడల్లా చీపురు పట్టాయి, చివరికి చీపురే నిలిచింది. గుడియాత్తం నుంచి తొలిబస్సులో వస్తుంది. తిరిగి పోయేముందు ఆసుపత్రిలో మొగుడు మునుస్వామి మంచం పక్కన కాసేపు కూర్చుంటుంది. చక్కెర జబ్బు మనిషి, పాదంలో ముల్లు గుచ్చుకుని పుండు పాకింది. కాలు తీసేయాలో వద్దో ఈరోజు చెబుతామన్నారు.

పూలమ్మే పొన్నమ్మ ఆమె దగ్గరికి వచ్చింది. "అక్కా, ఊరంతా అడగతా ఉండారు. నువ్వు యాల అడగవు?"

"నాకొద్దు తల్లీ."

"నీకోసరం నేనడగతా." పొన్నమ్మ ఆమె చెయ్యి కొమ్ము మీంచి తీసేసి, చెంబెడు నీళ్ళు మేకపోతు నెత్తిన కుమ్మరించింది. "సామీ, మా బావ కాలు నిలబడతాదా?"

మేకపోతు కదల్లేదు. గాలి లేదు, ఒక్క బస్సూ బయల్దేరలేదు. పొన్నమ్మ ఇంకో చెంబు పోసింది. ఊహూఁ. నీళ్ళు కళ్ళద్దాల మీంచి కారాయి, అంతే. చూస్తున్నవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. పొన్నమ్మ ఏడుపు అందుకుంది.

వరదమ్మ తడినేల మీదే చతికిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆలంగాయంలో పుట్టింటివాళ్ళ జాతర. ఎన్ని నీళ్ళు పోసినా ఆ ఏడు మేకపోతు ఒళ్ళు దులపలేదు. పూజారి కత్తి కింద పెట్టేశాడు. నాయన తాడు విప్పి, పిర్ర మీద ఒక్కటి చరిచి తోలేశాడు. అది ముసలిదయ్యేదాకా వాళ్ళ దొడ్లోనే తిరిగింది.

"ఏడుపు ఆపవే పిచ్చిదానా," అంది వరదమ్మ. "తల ఊపితే గదా కత్తి పడేది. ఇది ఊపలేదు. కొయ్యొద్దంటా ఉండాది!"

"అట్లా గూడా ఉంటాదా అక్కా?"

"మా ఊర్లో అట్లే."

నమ్మే అందో, నమ్మాలని అందో ఆమెకే తెలియదు. చేతులు కడుక్కుని ఆసుపత్రికి నడిచింది.

కే.వి.కుప్పంలో ఉండే కొడుకు హేమనాథ్ ముందే వచ్చి వరండాలో నిలుచున్నాడు. చేతిలో కొత్త చంకకర్ర. "ఎట్లయినా కావాల్సొస్తాది గదమ్మా," అన్నాడు తల దించుకుని. వరదమ్మ ఆ కర్ర వైపు చూడనే లేదు.

డాక్టరమ్మ కట్టు విప్పి, పాదం నొక్కి చూసి, వేళ్ళు కదపమంది. బొటనవేలు కదిలింది. కాసేపటికి చిటికెనవేలూ కదిలింది.

"ఎడుక్క వేండామ్మా," అంది డాక్టరమ్మ. తీయనక్కర్లేదు. పుండు మానుతోంది, ఇంటికి తీసుకుపోవచ్చు, కట్టు మార్చడానికి వస్తూ ఉంటే చాలు.

"అమ్మయ్య!" అని పైకే అని, వరదమ్మ గోడకు ఆనుకుని బోరున ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చూపని భయం అంతా ఆ ఏడుపులో పోయింది.

"యాలే ఏడస్తావు, కాలు నాది గదా," అన్నాడు మునుస్వామి. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

సాయంత్రం ముగ్గురూ బస్టాండుకు వచ్చారు. హేమనాథ్ చంకకర్ర అందించబోతే ముసలాయన తోసేశాడు. పెళ్ళాం భుజం మీద చెయ్యేసి, మడమ ఆనించి, మెల్లగా నడిచాడు. మేకపోతును చూసి ఆగాడు.

"ఎవురే వీడు? పంచాయితీ ప్రెసిడెంటు మాదిరి కూసోనుండాడు!"

"దండం పెట్టయ్యా. నీ కాలు ఇడిసిపెట్టింది ఆయనే."

నవ్వుకుంటూనే పెట్టాడు మునుస్వామి. వరదమ్మ కోటు విప్పి పొన్నమ్మ చేతికిచ్చింది. "మేస్త్రీకి ఇచ్చేయే. ఈయన లేసి తిరిగేదాకా నేను రాను."

"మల్లీ వస్తావా అక్కా?"

"సూస్తాం లే. ఇప్పుడు ఇంటికి పోతా ఉండా." ఆ మాట అంటుంటే వరదమ్మ ముఖం విప్పారింది.

గుడియాత్తం బస్సు కదిలింది. వెనక్కి ఎవరూ చూడలేదు. మేకపోతు భుజానికి ఆనించి ఉంది, పైన చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పని చంకకర్ర, ఎవరికి కావలిస్తే వాళ్ళకు.