అచ్చులో మిగిలిన పోగులు

బూడిద అద్దుకున్న రెండు వేళ్ల మధ్య పాత పోగు కొసనూ కొత్త పోగు కొసనూ పట్టి అమృతమ్మ మెలిపెట్టింది. ఒక మెలి, ఒక మడత, మళ్లీ ఒక మెలి. ఆమె కళ్లు మసకబారి చాలా ఏళ్లయింది. వేళ్లకు మసక రాలేదు.

ప్రపంచ లడాయి మొదలైనప్పటి నుండి గద్వాలలో నూలు కరువు. వానకాలమంతా ఆ ఇంటి మగ్గం బూజు పట్టి నిలబడింది. నిన్న సావుకారి గుమాస్తా రామచంద్రయ్య ఒక పడుగు, చీరకు నిలువు పోగులు, తెచ్చి పడేసి, "రేపు పొద్దూకేటాలకు అతకకుంటే ఇంకో ఇంటికి తీస్కపోత," అని చెప్పిపోయాడు. కొడుకు కురుమూర్తి అప్పటికే కూలికి దిగాడు. రోడ్డు కంకర కొట్టే పనికి పోతున్నాడు. షోలాపురం మిల్లుకు పోవడానికి మూట ఎప్పుడో కట్టి పెట్టాడు. మగ్గం లేవకపోతే పెళ్లాన్ని తీసుకుని వెళ్లిపోతాడు.

అందుకే ఆమె జ్వరంతోనే కూర్చుంది. భర్త పోయినప్పుడూ, కలరా గత్తరలో ఇద్దరు బిడ్డలు పోయినప్పుడూ మైల తీరిన మర్నాడే ఇట్లాగే కూర్చుంది. ఏడుపు రాక కాదు. తడి తగిలితే వేళ్ల మీద బూడిద ముద్దకడుతుంది.

బట్ట కోసినప్పుడు జానెడు పాత పోగులు మగ్గానికుండే దువ్వెన లాంటి అచ్చులోనే వదిలేస్తారు. వాటికి కొత్తవి అతికి లాగితే పడుగు అచ్చు పళ్ల మధ్య కళ్లలోంచి తనే నడిచి వస్తుంది. ఆ కొసలు పోయాయా, ఒక్కొక్క పోగూ చూసి దూర్చుకోవాలి.

మధ్యాహ్నం దాటాక, ఎడమ అంచు దగ్గర ఆమె వేళ్లు గాలిని తడిమాయి. ఎలుక కొరికితే పీచు మిగులుతుంది. ఇక్కడ వట్టి కళ్లే ఉన్నాయి.

"భీమమ్మా, అంచు పోగులు ఏమైనయే?"

పొయ్యి దగ్గర కోడలు చేతిలోని కట్టెను మంటలోకి తోసింది.

"చీరె కుట్టుకున్న అత్తా. ఎనకదిక్కు చినిగింది. నీళ్లకు పోతే ఆడోళ్లు నవ్విన్రు. ఇంట్ల ఇంకో దారం యాడుంది?"

అమృతమ్మ ఆమెను దగ్గరికి పిలిచి, వెనక కుట్టును వేలితో తడిమింది.

"కుట్టు మంచిగనే వడ్డది. సాలోళ్లమై బట్టకు మొగం వాసినం. నవ్వనీ, వాండ్ల చీరెలు గూడ చినుగుతయి. ఇగ కూసో, నాకు కండ్లు కానస్తలెవ్వు."

"తిట్టవేందత్తా?"

"తిట్టుకుంట కూసుంటే పొద్దూకదా? రేపు తిడతలే."

కోడలు అచ్చుకు అవతల కూర్చుని కన్ను వెతికి పట్టుకుంటే, అత్త ఇవతల నుండి పోగు అందించింది. దగ్గు వచ్చినప్పుడు అమృతమ్మ మొహం పక్కకు తిప్పుకుంది, పడుగు మీద తుంపర పడకుండా. మూకుడులో జొన్న గట్క ఆరి పెచ్చు కట్టింది. అంచు నిండేసరికి ఎండ గోడ ఎక్కింది.

"ఇంక పిడికెడున్నయి, నేనతుకుత. నువ్వు నీళ్లకు పో. ఇప్పుడెవరూ నవ్వరు."

భీమమ్మ కడవతో తిరిగి వచ్చేసరికి అత్త గోడకు ఆనుకుని ఉంది. గుమ్మంలోంచి రామచంద్రయ్య గొంతు వినపడింది.

"ఏం అమృతమ్మా, పనివడేసి నిద్రవోతుండవా?"

వంగి అతుకులు చూశాడు. ఎక్కడా విడి పోగు వేలాడటం లేదు. భీమమ్మ అత్త భుజం తట్టింది. అమృతమ్మ మెల్లగా పక్కకు ఒరిగింది.

పని నుండి వచ్చిన కురుమూర్తి తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మైల తీరేదాకా మగ్గం ముట్టరాదు. గుమాస్తా పడుగు వైపు చాలాసేపు చూశాడు.

"అతికినంక కోసుకపోతే అది నాకెందుకు పనికొస్తది? దినాలైనంక నెయ్యిరి," అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

కప్పడానికి ఇంట్లో బట్ట లేదు. కురుమూర్తి షోలాపురం మూట విప్పి, లోపలివి నేల మీద కుమ్మరించి, ఆ గుడ్డ తల్లి మీద పరిచాడు.

మగ్గం మీద, అన్నిటికన్నా చివర వేసిన అతుకులో, ఒక తెల్ల వెంట్రుక నూలుతో కలిసి మెలిపడి ఉంది.